హ్లా చీ మొహం దగ్గర ఆగే డిస్కు

డిస్కు మళ్ళీ తిరిగొచ్చింది. బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి, పైన దారంతో గట్టిగా కట్టి, నది అవతలినుంచి మధ్యాహ్నం లాంచీలో వచ్చింది. తెచ్చిన లాంచీమనిషి డబ్బాను అరుగు మీద పెట్టి వెళ్ళిపోకుండా తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"మీ అక్కగారు ఓ మాట కూడా చెప్పమన్నారు. చెప్పమంటారా?"

"చెప్పకపోతే నీకు నిద్ర పడుతుందా? చెప్పు," అంది దా సో యిన్, ఒళ్ళో ఉన్న చుట్టల పళ్ళెం దించకుండానే.

"ఖాళీ రేకులు పంపించి ఆడుకోడానికి నేనేమన్నా పాలు తాగే పిల్లనా, అని అడగమన్నారు."

లోపల పడక్కుర్చీలో ఉన్న ఆమె మొగుడు ఊ చిట్ పే చుట్ట నోట్లోంచి తీసి, "ఈసారి కాస్త మర్యాదగానే అడిగిందే," అన్నాడు. దా సో యిన్ ఆయన వంక చూసిన చూపుకి చుట్ట దానంతటదే ఆరిపోవలసింది. ఎందుకో ఆరలేదు.

ఈ గొడవంతా ఎక్కడ మొదలైందో చెప్పాలి. ఎండాకాలంలో మనవలిద్దరికీ చిన్నస్వాములుగా దీక్ష ఇప్పించే వేడుక, షిన్‌ప్యూ చేయించింది దా సో యిన్. రాకుమారుల్లా పట్టుబట్టలు కట్టి, బంగారు గొడుగుల కింద గుర్రాలెక్కించి, పకోక్కు వీధులన్నీ ఊరేగించి, విహారంలో గుండు చేయించి కాషాయం కట్టించింది. అన్నీ బాగానే జరిగాయి. ఒక్కటే జరగలేదు. నది అవతల న్యాంగ్ ఊలో ఉన్న సొంత అక్క దా ఖిన్ ట్వే రాలేదు.

రాకపోవడానికి కారణం లేకపోలేదు. షిన్‌ప్యూకి పిలవాలంటే ఒక పద్ధతుంది. పట్టు కట్టుకున్న ఆడపిల్లలు గడపగడపకీ వెళ్ళి, ఊరవేసిన తేయాకు పొట్లం చేతిలో పెట్టి పిలవాలి. ఇవతలి ఒడ్డున ఊరంతటినీ అలాగే పిలిచారు. అవతలి ఒడ్డుకి వెళ్ళవలసిన రోజున కోడలికి జ్వరం వచ్చింది, వంటవాళ్ళు చెయ్యిచ్చారు, పందిరి గాలికి లేచిపోయింది. దాంతో అచ్చు కార్డొకటి లాంచీమనిషి చేతికిచ్చి పంపేశారు. అక్కకి కార్డు అందింది. ఆకు అందలేదు. నదికి ఇవతల ఉన్నవాళ్ళకి ఆకు అరగదనుకుందా మా చెల్లెలు, అని ఆవిడ ఇంట్లోనే కూర్చుంది.

అంతవరకైతే సర్దుకునేదే. దాని మీద ఇంకొకటి వచ్చి పడింది. అక్క ఇంటి పక్కనుండే హ్లా చీ షిన్‌ప్యూకి వచ్చి సుష్టుగా భోంచేసి వెళ్ళి, ధార పోసేటప్పుడు మీ అమ్మ పేరు చదవనే లేదని అక్క చెవిలో ఊదింది.

చేసిన పుణ్యంలో పోయినవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ వాటా పంచడానికి చివర్న స్వామి మంత్రం చెబుతుంటే, చేసినవాళ్ళు చెంబుతో నీళ్ళు ధార పోస్తారు. పేరుపేరునా తలుచుకుంటారు. విన్నవాళ్ళు సాధు, సాధు, సాధు అంటారు. అలా అంటేనే వాటా అందినట్టు. అందులో తల్లి పేరే లేదంటే ఇంకేముంది! ఆ తల్లి రేవులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలమ్మి ఇద్దరినీ పెంచింది. మునిమనవల గుర్రాల కళ్ళేలు తన చేత్తో పట్టుకోవాలని కలలు కని పోయింది. ఆవిడ పేరే మింగేసిందట చెల్లెలు. అక్క కబురు పంపింది: "అమ్మకి వాటా ఇవ్వని ఇంట్లో నాకూ వాటా వద్దు."

నిజానికి దా సో యిన్ మొట్టమొదట చదివింది తల్లి పేరే. హ్లా చీ ధార దాకా ఉంటే కదా? లాంచీ తప్పిపోతుందని భోజనాల దగ్గర్నుంచే లేచి, విస్తరాకులో నాలుగు ముక్కలు కట్టుకుని పరిగెత్తింది. ఈ మాట ఎవరు చెప్పినా అక్క వినదు. కళ్ళతో చూసి చెవులతో వింటే తప్ప నమ్మనంది.

సరే, వీడియో ఉంది కదా, చూపిస్తే పోతుంది కదా అనుకుంది దా సో యిన్. అక్కకి డెబ్బై దాటాయి, తనకీ ఎంతో దూరంలో లేవు. ఆ నోటి నుంచి సాధు అన్న మాట రాకుండా ఇద్దరిలో ఎవరు పోయినా, షిన్‌ప్యూ చేసీ చెయ్యనట్టే అనిపించింది ఆమెకి. ఒక్క డిస్కుతో తీరిపోయే పనే కదా అనుకుంది. అదీ ఆమె చేసిన పొరపాటు.

వీడియో తీసిన కో థెట్ ల్విన్ బజారు మలుపులో కంప్యూటరు కొట్టు పెట్టుకున్నవాడు. మంచివాడు, మాటకారి, ఏ పనీ ఒక్కసారికి అవనివ్వడు. అతను రాసిచ్చిన మొదటి డిస్కు అక్క ప్లేయర్లో వేస్తే టీవీ మీద 'డిస్కు లేదు' అని వచ్చిందట. కడుపులో పెట్టుకుని లేదనడమేమిటో! డిస్కు వెనక్కి వస్తే అతను చూసి నాలిక్కరుచుకున్నాడు. రాయడం అయ్యాక డిస్కును మూసెయ్యాలట. మూయకపోతే రాసిన మిషనుకి తప్ప ఊళ్ళో ఏ మిషనుకీ కనపడదట. మరిచిపోయాడట.

మూసి ఇచ్చిన డిస్కు మీద అతనే ముచ్చటపడి మనవల బొమ్మ అచ్చువేసిన మందపాటి కాగితం అంటించాడు. ఎండకి కాగితం ముడుచుకుని డిస్కు వంగింది. అక్క ప్లేయర్లో అది నెమలిలా నాట్యమాడి, గీరుకుని, ఆగిపోయింది. కాగితం పీకితే పొట్టు కూడా లేచొచ్చింది. ఆ తరవాత ఇంకో రకం డిస్కు తెచ్చాడు. పరుగులెత్తించి రాస్తే గీత సరిగా పడదనీ, నిదానంగా రాయాలనీ, పూటంతా కూర్చుని రాశాడు. అది అక్క మిషనులో ఆడింది. బాగా ఆడింది. గుర్రాలొచ్చాయి, గొడుగులొచ్చాయి, స్వాములొచ్చారు, భోజనాల పందిరి వచ్చింది. పందిట్లో హ్లా చీ పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. అక్కడ బిగిసిపోయింది. బుగ్గ ఉబ్బి, కళ్ళు సగం మూసుకుని, మొహమంతా చదరాలు చదరాలుగా పగిలి, హ్లా చీ అలాగే ఉండిపోయింది. ముందుకి పోదు, వెనక్కి రాదు.

ఇప్పుడు తిరిగొచ్చింది ఆ డిస్కే.

"పోనీ మన ప్లేయరే పంపించు. మన దాంట్లో చివరిదాకా ఆడుతోందిగా," అన్నాడు ఊ చిట్ పే.

పంపించలేదా ఏమిటి! వారం కిందటే తువ్వాల్లో చుట్టి పంపింది. అక్క మూట విప్పకుండానే తిప్పి పంపింది. మీ ఇంటి మిషను మీ ఇంటి మాటే చెబుతుందని కబురు. పోనీ ధార పోసిన ముక్క ఒక్కటే కత్తిరించి పంపిస్తానంటే, ముక్క పంపావంటే మిగతాది దాచావన్నమాటే, అని ఇంకో కబురు. తన సొంత మిషనులో, మొత్తం డిస్కు, తన ఎదురుగా ఆడాలి. అదీ దా ఖిన్ ట్వే పెట్టిన పరీక్ష.

దా సో యిన్ చుట్టల పళ్ళెం పక్కన పెట్టింది. డబ్బా చంకన పెట్టుకోబోయి, డిస్కులో స్వాములున్నారని గుర్తొచ్చి, భుజం మీదికి ఎత్తి పట్టుకుని వీధిన పడింది.

ప్లేయరున్న ఇల్లల్లా ఎక్కింది. ఎక్కిన ప్రతి ఇంట్లోనూ టీ తాగవలసి వచ్చింది, వాళ్ళ ఇంటి షిన్‌ప్యూ డిస్కు ముందు చూడవలసి వచ్చింది, ఆ తరవాత గానీ తన డిస్కుకి వంతు రాలేదు. బియ్యం మిల్లు ఆయన ఇంట్లో అద్దంలా మెరిసే ఖరీదైన మిషను ఉంది. దానికి ఎంత గొప్పో, డిస్కును వాసన చూసినట్టు చూసి బయటికి ఉమ్మేసింది. ఎదురింటి రొట్టెలామె దగ్గర మూత ఊడిపోయి దారంతో కట్టిన చవక మిషనుంది. అది వీధికుక్కలాగా ఏది పెడితే అది తినేస్తుంది, డిస్కును చివరిదాకా లాగించేసింది. మందులకొట్టాయన ఇంట్లో ఆడి ఆడి ఆగింది. బడిపంతులింట్లోనూ ఆగింది. ఆగినచోటల్లా హ్లా చీ బుగ్గే.

పంతులింట్లో నిలబడి ఆ బుగ్గ వంక చూస్తుంటే దా సో యిన్‌కి ఒళ్ళు మండిపోయింది. పందిట్లోంచి హ్లా చీ లేచి వెళ్ళిపోయింది సరిగ్గా ఆ ముద్ద తరవాతే. అది ఎంతవరకు చూసిందో డిస్కూ అంతవరకే చూపిస్తోంది. పోయినచోటికల్లా వెంటబడి సాక్ష్యం చెబుతోంది, దొంగసాక్ష్యం.

కానీ మండిన ఒంటితోనే ఆమెకి ఒక సంగతి తట్టింది. మిషన్లు వేరు, ఇళ్ళు వేరు. ఆగేచోటు మాత్రం ఒకటే ఎందుకయింది?

తిన్నగా కొట్టుకి వెళ్ళింది. కో థెట్ ల్విన్ ఆమెను చూడగానే ముక్కాలిపీట జరిపి, దుమ్ము తుడిచి, టీ చెప్పాడు.

"టీ వద్దు నాయనా, పొద్దుట్నించి తాగిన టీ కడుపులో లాంచీలా ఊగుతోంది. నాకొకటి చెప్పు. నువ్వు దీని మీద రాస్తావు కదా, ఎటునుంచి ఎటు రాస్తావు?"

"నేనెక్కడ రాస్తాను పిన్నిగారూ, మిషను రాస్తుంది. మధ్య కన్నం దగ్గర మొదలెట్టి, చుట్టూ తిరుగుతూ అంచుకి వస్తుంది."

"అంటే ఊరేగింపు మధ్యన ఉందన్నమాట. ధార?"

"ధార కార్యక్రమం ఆఖర్న కదా. అది అంచున ఉంటుంది." అతను గొంతు తగ్గించి అన్నాడు. "అంచుకి మరీ ఆనించి రాశాను. చాలా మిషన్లు అక్కడిదాకా చదవలేవు. కొంచెం ఖాళీ వదలాలి అసలు."

"మరి వదలలేదేం?"

"ఎక్కడ వదలమంటారు? ఎవరి మొహమూ పోకూడదన్నది మీరే కదా."

అన్నది నిజమే. వచ్చినవాళ్ళలో ఏ ఒక్కరు కనపడకపోయినా, మా మొహం పనికిరాలేదా అనుకుంటారు. ఆ మొహమాటంతో పందిట్లో ఒక్క బంతి కూడా తీసెయ్యనివ్వలేదామె. బియ్యం మిల్లు ఆయన ఆవలింత కూడా ఉంచమంది. ఇంటివాళ్ళం మేము ముందు కనపడితే డాబుగా ఉంటుంది, మమ్మల్ని చిట్టచివర పెట్టు అని చెప్పింది కూడా ఆమే. ఊరందరినీ మధ్యన కూర్చోబెట్టి, తల్లి పేరును తీసుకెళ్ళి అరుగు అంచున పెట్టింది. అక్కడ ఉన్నది జారిపోక ఏమవుతుంది? చుట్టలు చుట్టే చేతికి తెలియనిదా, ఆకు ఊడేటప్పుడు ఆఖరి మడతే ముందు ఊడుతుంది.

"అయితే ధారను తీసుకొచ్చి మధ్యన పెట్టు," అంది.

కో థెట్ ల్విన్ కుర్చీలో వెనక్కి పడ్డాడు. ముగింపు ముందు పెట్టడమా? గుర్రాలెక్కకముందే పుణ్యం పంచడమా? అన్నం పెట్టకుండా చెయ్యి కడుక్కోమన్నట్టు ఉంటుందన్నాడు. చూసినవాళ్ళు వీడియోవాడికి మతి పోయిందంటారన్నాడు. తన పేరు డిస్కు మీద ఉంటుంది కదా అన్నాడు.

"నీ పేరు తీసెయ్."

"అది కుదరదండీ."

"నీ పేరు చివర్న పెట్టు. అంచున. ఎవరికీ కనపడదు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వొచ్చినవాడు సగం ఒప్పుకున్నట్టే. ఆఖరికి బేరం కుదిరింది. మొదట శ్వేజిగోన్ పగోడా ఒక్క క్షణం కనపడుతుంది, శుభమా అని. వెంటనే ధార. తరవాత ఊరేగింపు. భోజనాల పందిరి ఎప్పుడూ ఉన్నచోటికే, అంటే చివరికి. అంచున కొంత ఖాళీ. ఆ ఖాళీ కోసం బియ్యం మిల్లు ఆయన ఆవలింత తీసెయ్యవలసి వచ్చింది. ఆయన ఎప్పటికైనా చూస్తే ఏమంటాడోనని దా సో యిన్‌కి ఇప్పటికీ బెంగే.

డిస్కు తయారయింది. పంపించడానికి లాంచీమనిషిని పిలిస్తే, అతను చెవులు మూసుకున్నాడు. ఇంకో డిస్కు తెస్తే నదిలో పారేస్తానందట అక్కగారు. మిషను పళ్ళు అరిగిపోతున్నాయందట.

"ఇంకేం, నువ్వే వెళ్ళు," అన్నాడు ఊ చిట్ పే.

"అది వచ్చి నా గడప తొక్కేదాకా నేను దాని గడప తొక్కనని ఒట్టేశాను."

"వేసింది నా ఎదురుగానేగా. నాకు వినపడలేదనుకో. ఈ మధ్య చెవులు సరిగా లేవు."

నలభై ఏళ్ళ కాపురంలో ఆయన అన్న పనికొచ్చే మాటల్లో అదొకటి. దా సో యిన్ మంచి పట్టులుంగీ కట్టుకుంది, జడముడిలో మల్లెదండ పెట్టుకుంది. డిస్కు ఒక చేతిలోనూ, అరిటాకులో కట్టిన పొట్లం ఒకటి ఇంకో చేతిలోనూ పట్టుకుని లాంచీ ఎక్కింది. ఎండ మండిపోతోంది. డిస్కును గుడ్డలో చుట్టి, దారి పొడుగునా నడుం కిందికి దించకుండా ఎత్తి పట్టుకునే ఉంది. రేవు చేరేసరికి భుజం పట్టేసింది.

అక్క వాకిట్లో నువ్వులు ఆరబోస్తోంది. చెల్లెల్ని చూసి చేట కింద పెట్టలేదు.

"దారి మరిచిపోలేదన్నమాట," అంది.

దా సో యిన్ మెట్ల కింద చెప్పులు విడిచి, పైకెక్కి, అక్క ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు డిస్కు తీయలేదు. అరిటాకు పొట్లం రెండు చేతులా పట్టుకుని ముందు పెట్టింది. ఊరవేసిన తేయాకు.

"మనవల షిన్‌ప్యూకి పిలవడానికి వచ్చానక్కా."

"ఎప్పుడో అయిపోయిందిగా."

"నీకింకా కాలేదు."

అక్క పొట్లం వంక చూసింది గానీ ముట్టుకోలేదు. కరెంటు ఉన్నట్టుంది, పెట్టుకో నీ రేకు, అని లోపలికి నడిచింది. పక్కింటి హ్లా చీ కంచె మీంచి మెడ చాచి, ఏమిటేమిటి అంటూ అప్పుడే వచ్చి గుమ్మంలో కూర్చుంది. రమ్మన్నవాళ్ళెవరూ లేరు.

ప్లేయరు డిస్కును మింగింది. గుర్రుమంది, కిర్రుమంది, కాసేపు ఆలోచించింది. టీవీ మీద తెల్లటి అక్షరాలొచ్చాయి. 'డిస్కు లేదు.'

దా సో యిన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఇంత నది దాటి, ఇంత ఒట్టు మింగి, ఈ పెట్టె నోట ఆ మాట వినడానికా వచ్చింది! అక్క లేచి, డిస్కు బయటికి తీసి, నువ్వుల దుమ్ము అంటిన చేతిని చూసుకుని, లోపలినుంచి ఉతికిన గుడ్డ తెచ్చి తుడిచింది. మధ్యనుంచి అంచుకి, మెల్లగా, చంటిపిల్ల మొహం తుడిచినట్టు. మళ్ళీ పెట్టి, ప్లేయరు నెత్తి మీద అరచేత్తో ఒక్కటిచ్చింది.

"దీనికి దెబ్బ పడాలి. నీలాగే."

పగోడా వచ్చింది. బంగారు రంగు గది నిండా పరుచుకుంది. వెంటనే చెంబు, చెంబులోంచి సన్నటి నీటి ధార, చెంబు పట్టుకున్న దా సో యిన్ చెయ్యి. స్వామి గొంతు గురగురమంటోంది. దాని మీదుగా ఆమె గొంతు: మా అమ్మ దా ఫ్వా షిన్‌కి మొదటి వాటా. అక్కడ గొంతు పట్టేసింది. ధార మాత్రం ఆగలేదు. తరవాత నాన్న. తరవాత, నది అవతల ఉన్న మా అక్క దా ఖిన్ ట్వేకి. ధార పోసేటప్పుడు ఇంటివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని కూర్చుంటారు. టీవీలో దా సో యిన్ ఎడమ పక్కన చాప మీద ఒక మనిషి పట్టే ఖాళీ ఉంది. కోడలు ఆ ఖాళీ మీదుగా చెయ్యి చాచి అత్త భుజం అందుకుంది. అంతమంది ఇరుక్కుని కూర్చున్న పందిట్లో అక్కడికి ఎవరూ జరగలేదు.

టీవీలో ఊరంతా సాధు అంది.

రెండోసారి సాధు అన్నప్పుడు దా ఖిన్ ట్వే పెదవులు కదిలాయి. మూడోసారి గొంతు వచ్చింది. చేతులు జోడించి, టీవీ వైపు కాదు, చెల్లెలి వైపు తిరిగి అంది.

"సాధు."

ఆ తరవాత ముక్కు చీదుకుని, భుజం మీది కండువాతో తుడుచుకుని, "అయినా అమ్మ పేరు అంత గబగబా అనేస్తారా ఎవరైనా? లాంచీకేమన్నా వెళ్ళాలా నువ్వు?" అంది.

"గొంతు పట్టేసిందక్కా."

"గొంతు పట్టేస్తే నీళ్ళు తాగాలి. చేతిలో చెంబుంది కదా." ఆవిడ అరిటాకు పొట్లం దగ్గరికి లాక్కుని, దారం తెంపి, వేయించిన నువ్వులు, వెల్లుల్లి ఉన్న పళ్ళెం పక్కన పెట్టి, తేయాకు కలపడం మొదలుపెట్టింది. మొదటి ముద్ద చెల్లెలికి పెట్టింది. హ్లా చీకి పెట్టలేదు.

డిస్కు తన మానాన తను ఆడుతూనే ఉంది. గుర్రాలెళ్ళాయి, గొడుగులెళ్ళాయి. అక్కచెల్లెళ్ళు ఎవరు ఎవరో గుర్తుపడుతూ, పట్టులుంగీల రంగులకి వంకలు పెడుతూ, నములుతూ చూశారు. భోజనాల పందిరి వచ్చింది. పందిట్లో పెద్ద ముద్ద ఎత్తుకున్న హ్లా చీ వచ్చింది. బుగ్గ ఉబ్బింది. కళ్ళు సగం మూతపడ్డాయి. అంచున ఖాళీ వదిలానని కో థెట్ ల్విన్ చెప్పిన మాట ఈ మిషను వినలేదు కాబోలు, మొహం చదరాలు చదరాలుగా పగిలి, అక్కడే బిగిసిపోయింది.

గుమ్మంలో కూర్చున్న హ్లా చీ, "అయ్యో, నా దగ్గరే ఆగిపోయిందేం? కొట్టండి, ఇంకొక్కటి కొట్టండి," అంది.

ప్లేయరు మీదికి లేచిన చెల్లెలి చెయ్యి పట్టుకుని ఆపింది దా ఖిన్ ట్వే.

"ఉండనీవే. దాన్ని అలాగే ఉండనీ. కరెంటు పోయేదాకా."